రెండు గదుల గుండె

జగిత్యాల డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో అటెండర్‌గా పనిచేసే దేవేందర్‌కు వెనకా ముందూ ఎవరూ లేరని కాలేజీలో అందరికీ తెలుసు. దసరా సెలవుల్లో కూడా ఆయన వచ్చి ల్యాబ్ తాళం తీసేవాడు. ఎందుకొచ్చావని వాచ్‌మన్ అడిగితే, "జార్లల్ల మందునీళ్లు మార్చాలె" అనేవాడు. చచ్చిన జీవులను నిల్వ ఉంచే ఆ మందునీళ్లు అంత తరచుగా మార్చక్కర్లేదని వాచ్‌మన్‌కూ తెలుసు. అయినా ఇంకోమాట అడిగేవాడు కాదు.

ఆయన ఉండేది కోరుట్లలో, ఒక ఎరువుల దుకాణం పైనున్న గదిలో. ఉద్యోగం మొదలైంది ఆ ఊరి కాలేజీలోనే. ఇరవై ఏళ్ల కింద జగిత్యాలకు బదిలీ అయినా గది మార్చలేదు. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. రోజూ చూసే కండక్టరమ్మ ఒకసారి అడిగింది.

"జగిత్యాలలనే ఇల్లు తీసుకోరాదే అన్నా? గీ తిరుగుడు తప్పుతది గద."

"ఏడున్నా ఒక్కన్నే గదమ్మా" అన్నాడు. బాధపడుతూ అనలేదు. చిల్లర లెక్క చెప్పినంత మామూలుగా అన్నాడు.

పుట్టింది సిరిసిల్లలో. పద్నాలుగో ఏట సాంచెల షెడ్డులో పనికి కుదిరాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఒక్క మనిషి నాలుగు సాంచెల మధ్య తిరుగుతూ ఉండాలి. ఎక్కడ పోగు తెగినా ఆ దడదడలోనే కనిపెట్టి, రెండు వేళ్ల మధ్య ఒక్క మెలికతో అతికేయాలి. ఆ పనిలో దేవేందర్ వేళ్లకు షెడ్డంతా పేరుండేది. పాలిస్టర్ గుడ్డ తానులు తానులుగా నేసి పడేసేవాడు.

ఇంట్లో అమ్మ, నాన్న, చెల్లెలు వనిత. వనిత ఎనిమిదేళ్లు చిన్నది. చిన్నతనం నుంచీ ఆమె పెదవులు, గోళ్లు నీలంగా ఉండేవి. నాలుగడుగులు వేస్తే గొంతుక్కూర్చుని ఆయాసపడేది. "దిష్టి" అన్నారు. "నెత్తురు తక్కువ" అన్నారు. తాయెత్తులు కట్టారు, టానిక్కులు తాగించారు. ఆమెకు పదిహేడేళ్లు వచ్చాక, దేవేందర్ సంపాదన కొంచెం నిలదొక్కుకున్నాక, కరీంనగర్ తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, హైదరాబాద్‌కు చీటీ రాసిచ్చాడు. హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు దేవేందర్‌ను ఒక్కడినే గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు.

"గుండెలో కుడి పక్కకూ ఎడమ పక్కకూ మధ్య గోడ ఉంటుందయ్యా. మీ చెల్లెలికి ఆ గోడలో పుట్టుకతోనే రంధ్రం ఉంది. మంచి రక్తం, చెడు రక్తం కలిసిపోతున్నాయి. చిన్నప్పుడే తెచ్చి ఉంటే ఆపరేషన్ చేసేవాళ్లం. ఇప్పుడు ఊపిరితిత్తులు కూడా పాడైనాయి. చేస్తే బతకదు."

దేవేందర్ బయటికి వచ్చాడు. బెంచీ మీద కూర్చున్న వనిత తలెత్తి చూసింది.

"ఏమన్నడన్నా?"

"మందులతోని తగ్గుతదన్నడు. ఆపరేషన్ గీపరేషన్ ఏమద్దన్నడు."

"గంతేనా? అయితె మంచిదే" అంది వనిత.

ఆ తర్వాత రెండేళ్లు ఆ అబద్ధాన్ని రోజూ తాజాగా చెప్పాడు. ఇయ్యాల నీ మొఖం తెల్లగైంది చెల్లె, ఇయ్యాల ఆయాసం తగ్గినట్టుంది చెల్లె అని. ఆమె నవ్వేది. పందొమ్మిదో ఏట, వానలు పడే ముందు, మధ్యాహ్నం పడుకున్నది లేవలేదు. రెండు మూడేళ్లలో అమ్మా నాన్నా కూడా పోయారు. ఇల్లు అమ్మి, కోరుట్లలో ఉన్న దూరపు చుట్టం ఒకాయన పుణ్యమా అని కాలేజీలో పార్ట్‌టైమ్ అటెండర్‌గా చేరాడు. అప్పటికి ఆయనకు ఇరవై తొమ్మిది. పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తవలసినవాళ్లు లేరు.

ఒక్క సంగతి మాత్రం అర్థం కాకుండా ఉండిపోయింది. నెత్తురు నెత్తురే గదా. మంచిదీ చెడ్డదీ ఏమిటి? రెండూ కలిస్తే ఏమవుతుంది? అడుగుదామంటే ఎవరిని అడగాలో తెలియదు.

కోరుట్ల కాలేజీలో జువాలజీ చెప్పే మధుకర్ సారుకు అప్పటికే చేయి వణుకు మొదలైంది. ఒకరోజు ప్రాక్టికల్స్‌కు ముందు రవ్వచేపను మైనపు ట్రేలో వెల్లకిలా పెట్టి, మొప్పలకు వెళ్లే రక్తనాళాలను విప్పుతున్నాడు. నాళం దారం కంటే సన్నం. రెండుసార్లు తెగిపోయింది. సారు కత్తి కింద పెట్టేశాడు. ట్రే పక్కన నిలబడ్డ దేవేందర్ మెల్లగా అన్నాడు.

"సార్, నేను పట్టుకోనా?"

సారు ఎగాదిగా చూసి ఫోర్సెప్స్ అందించాడు. దేవేందర్ ఊపిరి బిగబట్టి, కండను అటూ ఇటూ తప్పించి, నాళాన్ని చివరిదాకా విడదీశాడు. దాని కింద నల్లకాగితం ముక్క జొనిపాడు, స్పష్టంగా కనిపించాలని.

"ఏం పని చేసేటోనివి ఇంతకు ముందు?"

"సిరిసిల్లల సాంచెల మీద సార్. పోగులతుకుడు."

"అతుకుడు వచ్చినోనికి విప్పుడు రాదా మరి" అని నవ్వి, సారు స్టూలు దగ్గరకు లాక్కున్నాడు. "ఇగ చూడు. చేప గుండె రొమ్ముల ఉండదు, గీడ, గొంతు కింద, మొప్పల ఎన్కనే ఉంటది. గీ పల్చటి సంచి ఉంది గద, ఒళ్లంత తిరిగొచ్చిన చెడు రక్తం మొదాలు దీంట్లకు వస్తది. దీంట్లకెల్లి గీ పై గదిలకు. పై గదికెల్లి గీ మందపు గదిలకు. గిది గట్టిగ పిండుతది. ముంగట తెల్లగ ఉల్లిగడ్డ తీరుగున్నది చూసినవా? పిండిన దెబ్బను గిది మెత్తగ చేసి మొప్పలకు పంపుతది. మొప్పలల్ల నీళ్లకెల్లి గాలి పట్టుకొని రక్తం మంచిదైతది. మంచిదయినంక మల్ల గుండెకు రాదు. సీదా ఒంట్లకు పోతది."

దేవేందర్ కళ్లు ట్రే మీదే ఉన్నాయి. "మరి గోడ సార్?"

"ఏం గోడ?"

"మంచిదానికి చెడ్డదానికి నడుమ."

"దీనికి గోడెందుకయ్యా? ఉన్నయే రెండు గదులు, ఒకదానెన్క ఒకటి. గుండెల ఎప్పుడు చెడు రక్తమే ఉంటది. కలిసే ముచ్చటే లేదు. గోడ మనకు కావాలె. మనకు నాలుగు గదులు, కుడి దిక్కు చెడ్డది, ఎడమ దిక్కు మంచిది. ఊపిరితిత్తులకెల్లి రక్తం మల్ల గుండెకే వస్తది గద."

అలా ఏళ్లుగా మోస్తున్న ప్రశ్నకు ఒక చేప మీద జవాబు దొరికింది. తర్వాతి వారం సారు కొర్రమట్టను, అంటే కొర్రమీనును, కోయించాడు.

"దీని సంగతి వేరే. గిది నీళ్ల మీదికి అచ్చి గాలి గూడ మింగుతది. తలకాయల దానికో అర ఉంటది. ఆడ మంచిగైన రక్తం మల్ల తిరిగి గుండెకే వస్తది. చెడ్డదాంతోని కలుస్తది."

"కలిసినా బతుకుతదా సార్?"

"బతుకుడేంది, చెరువెండితె బురదల గూడ బతుకుతది. దాని ఒళ్లు గట్ల అలవాటైంది."

దేవేందర్ చేతులు కడుక్కుంటానని ల్యాబ్ వెనక్కి వెళ్లాడు. నల్లా తిప్పి, నీళ్లు పోతూ ఉండగా చాలాసేపు గచ్చు మీద కూర్చున్నాడు. బురదలో బతికే చేపకు దక్కింది తన చెల్లెలికి దక్కలేదు. ఆ మాట చెప్పుకోవడానికి లోపల సారు ఉన్నాడు. కానీ తిరిగి వచ్చి ట్రే కడిగాడు.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లు ఆయనకు మంచి రోజులు. నాలుగు జతల మొప్ప నాళాలను ఒక్కటీ తెగకుండా విప్పగలిగేవాడు జిల్లాలో దేవేందర్ ఒక్కడే అనేవారు. పరీక్షలకు బయటినుంచి వచ్చిన లెక్చరర్లు ఆయన నాళాలు విప్పి జార్లలో నిల్వచేసిన చేపల ముందు నిలబడి, ఎవరు చేశారని అడిగేవారు. మధుకర్ సారు రిటైరై, రెండేళ్లకు పోయాడు. పోయే ముందు తన కత్తుల పెట్టె దేవేందర్‌కు పంపాడు.

తర్వాత పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రాక్టికల్స్ కోసం జంతువులను కోయరాదు. మంచి ఉత్తర్వే అనుకున్నాడు దేవేందర్. ఎన్నో కప్పలు, చేపలు బతికిపోయాయి. కానీ ఆయన చేతులకు పని లేకుండా పోయింది. పిల్లలు గోడ మీద చార్టు చూసి బొమ్మ గీసుకునేవారు, తర్వాత్తర్వాత కంప్యూటర్‌లో చూసేవారు. కొత్తగా వచ్చిన వాళ్లకు ఆయన తలుపులు తీసే అటెండర్ మాత్రమే. రోజుకు పది మాటలు కూడా మాట్లాడని రోజులుండేవి. బస్సులో "ఒకటి కోరుట్ల", టీ కొట్టులో "చక్కెర తక్కువ", అంతే.

కోరుట్ల మార్కెట్ దగ్గర గంగమ్మ చేపలు కోసేది. ఎస్సారెస్పీ జలాశయం నుంచి వచ్చే చేపలను నీళ్ల డ్రమ్ముల్లో బతికించి ఉంచి, అడిగినవాళ్లకు అక్కడే కత్తిపీట మీద కోసిచ్చేది. ఒక ఆదివారం దేవేందర్ అరకిలో చేప తీసుకుంటూ ఆమె మొప్పలు లాగి పారేయడం చూశాడు. మొప్పలతోపాటు ఎర్రని ముద్ద ఒకటి కుప్పలో పడి కొట్టుకుంటోంది.

"అక్కా, గది గుండె."

"నెత్తురు గడ్డ గద గది?"

"కాదు, చూడు. పిండుతుంది చూడు."

గంగమ్మ వంగి చూసింది. ఇరవై ఐదేళ్లుగా చేపలు కోస్తోంది. ఎన్ని గుండెలు పారేసిందో. "అయ్యో తల్లీ" అని చేయి వెనక్కి తీసుకుంది. "సచ్చినంక గూడ గిట్లెట్ల కొట్టుకుంటది?" అంది.

"దాన్నెవరు కొట్టుకొమ్మని చెప్పరక్కా. దానంతటదే కొట్టుకుంటది. జర ఉప్పునీళ్లల్ల ఏస్తే గంట గూడ ఆడుతది."

ఆ రోజు నుంచి గంగమ్మ ఆయన కోసం ఒక డబ్బాలో గుండె, మొప్పలు విడిపోకుండా తీసి పెట్టేది. తినడానికి కోసిన చేపలవే, ఎలాగూ చెత్తలో పోయేవే. దేవేందర్ గదిలో కూర్చుని, సారు ఇచ్చిన పెట్టె తీసి, ఎవరికోసమూ కాకుండా నాళాలు విప్పేవాడు. పూర్తయ్యాక కాసేపు చూసుకుని, కాగితంలో చుట్టి పారేసేవాడు.

పోయిన ఏడాది ప్రవళిక మేడం జువాలజీకి వచ్చింది. మెట్‌పల్లి పిల్ల, ముప్పై రెండేళ్లుంటాయి. అల్మారా సర్దుతుండగా పాత జారు ఒకటి కనబడి, వెలుతురుకు పెట్టి చూసింది.

"దేవేందర్ అన్నా, గిది ఎవరు చేసిన్రు?"

"నేనే మేడం."

ఆమె జారు కింద పెట్టి ఆయన వైపు తిరిగింది. "నేను పీజీల గూడ గింత సాఫ్‌గ చూడలే. పిల్లలకు ఒక్కసారి చూపిస్తరా?"

"కోయద్దు గద మేడం."

"కోయద్దు నిజమే."

దేవేందర్ గంగమ్మ సంగతి చెప్పాడు. మేడం ప్రిన్సిపాల్‌ను అడిగి ఒప్పించింది. మార్కెట్‌లో కూరకు కోసిన చేప గుండే కాబట్టి ఆయన సరేనన్నాడు.

గురువారం పొద్దున గంగమ్మ కోసిచ్చిన రవ్వచేప గుండెను, పాళ్లు చూసి కలిపిన చల్లని ఉప్పునీళ్లలో పెట్టుకుని, దేవేందర్ బస్సెక్కాడు. దారంతా డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. ల్యాబ్‌లో మూత తీస్తే అది మెల్లగా ఆడుతూనే ఉంది. పద్దెనిమిది మంది పిల్లలు చుట్టూ మూగారు. ముందు సంచి ముడుచుకుంటోంది, తర్వాత పై గది, ఆ తర్వాత మందపు గది, ఆపైన తెల్లని ఉల్లిగడ్డ కొద్దిగా ఉబ్బి దిగుతోంది. ఎవరూ ఫోన్లు తీయలేదు. మేడం చెప్పమన్నట్టు తల ఊపింది. దేవేందర్ మధుకర్ సారు చెప్పినట్టే చెప్పాడు. గోడ దగ్గరకు వచ్చాడు.

"మనకైతె నడుమ గోడ ఉండాలె. గోడకు రంధ్రముంటె..." అని ఆగిపోయాడు.

"నాకుండె సార్ గా రంధ్రం" అంది ముందు వరసలో ఒక అమ్మాయి. పేరు నవ్య, ధర్మపురి దగ్గరి పల్లె. "మూడేండ్లప్పుడు హైదరాబాద్‌ల ఆపరేషన్ చేసిన్రు. ముక్కేసి కుట్టిన్రు."

దేవేందర్ ఆమె పెదవుల వైపు చూశాడు. అందరిలాగే ఉన్నాయి.

"ఏం ముక్క బిడ్డా?"

"బట్ట ముక్కే సార్. పాలిస్టర్ అసోంటిదట. డాక్టర్ మా అమ్మకు గసోంటి ముక్క చూపించిండట. ఇప్పుడు దాని మీద కండ పెరిగి, బట్ట ఏదో గుండె ఏదో తెల్వదట."

"అవును, గట్లనే చేస్తరు" అంది ప్రవళిక మేడం.

నవ్య మళ్లీ ట్రే మీదికి వంగింది. ఆ అమ్మాయి మూడో అంతస్తులోని ల్యాబ్‌కు మెట్లెక్కి పరుగెత్తుకుంటూ వచ్చిందని దేవేందర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. క్లాసు అయిపోయింది. పిల్లలు వెళ్లిపోయారు. ఆయన ట్రే కడగడానికి నల్లా దగ్గర నిలబడి, తాను నేసిన గుడ్డ ఎన్ని వేల మీటర్లుంటుందో అనుకున్నాడు. వనితకు కావలసింది రూపాయి బిళ్లంత. కోపం ఎవరి మీద రావాలో తెలియలేదు. డాక్టరు నిజమే చెప్పాడు. అమ్మా నాన్నలకు తెలియదు. తనకూ తెలియదు.

ఆ ఆదివారం వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సెక్కాడు. ముప్పై ఏళ్లలో వెళ్లడం అదే మొదలు. తమ ఇల్లున్న చోట రెండంతస్తుల ఇల్లుంది. షెడ్డుకు తాళం వేసి ఉంది. తెలిసిన ముఖం ఒక్కటీ కనబడలేదు. తిరిగి పోదామనుకుంటుండగా, ఎదురింటి అరుగు మీద బీడీలు చుడుతున్న ముసలామె చేతిని కంటికి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవలది? దేవేందరువా?"

భూదవ్వ. వనితను పక్కన కూర్చోబెట్టుకుని బీడీలు చుట్టడం నేర్పిన పెద్దమ్మ. ఎనభై దాటి ఉంటాయి. అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఏం చేస్తున్నావు, పిల్లలెంతమంది అని అడిగింది. లేరన్నాడు. ఆకు కత్తిరిస్తూ, తనంతట తానే అంది.

"నీ చెల్లెకు గన్ని తెలివి. అన్ని తెలుసు దానికి."

"ఏం తెలుసు పెద్దవ్వా?"

"ఆపరేషన్ కాదని. పట్నంల డాక్టరు చెప్తుంటె తలుపవతల బెంచి మీద కూసోని విన్నదట. నాకు చెప్పింది. మా అన్నకు చెప్పకు పెద్దవ్వా, రోజు నాకు తగ్గుతుందని చెప్పి తనే సంబురపడ్తుండు, ఎందుకు పాడుచెయ్యాలె అన్నది." ఆమె ఆకుల చేట మీదినుంచి తలెత్తింది. "నీకు తెల్వదా? పోయినంకన్న తెల్సిందనుకున్న."

దేవేందర్ గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాడు. రెండేళ్లు. ఒకే ఇంట్లో, ఒకే మాట లోపల పెట్టుకుని, ఒకరికొకరు తెలియకుండా కాపాడుకున్నారు. ఒక్కరోజు ఎవరో ఒకరు నోరు విప్పి ఉంటే ఇద్దరూ కలిసి ఏడ్చి ఉండేవాళ్లు. చెల్లెలు తనను మోసం చేసిందని అనిపించలేదు. ఆమె ఆ రెండేళ్లూ ఒంటరిగా ఉందని మాత్రం అనిపించింది. పక్కనే తానుండగా.

"బాగ ఏడ్సేదా పెద్దవ్వా?"

"ఒక్కనాడే. మిగిలిన దినాలు బీడీలు చేసుకుంట ముచ్చట్లు పెట్టేది. నీ పెండ్లి గురించే ఎక్కువ."

సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు.

ఈ ఏడాది ఆయన రిటైరయ్యాడు. శాలువా కప్పారు, ఫోటో తీశారు. ప్రవళిక మేడం వచ్చే ఏడు కూడా చేప ప్రాక్టికల్‌కు రావాలని మాట తీసుకుంది. నవ్యకు ఎమ్మెస్సీలో సీటొచ్చింది. ఫోన్ చేసి చెప్పింది. "ఎప్పుడన్న మా ఇంటికి రండి సార్" అంది. అలాగే బిడ్డా అన్నాడు గానీ వెళ్లలేదు. ఏమని వెళ్లాలో తోచలేదు.

సిరిసిల్లకు మాత్రం నెలకోసారి వెళ్తున్నాడు. భూదవ్వ పక్కన కూర్చుని ఆకులకు తడి అద్ది ఇస్తాడు. తనకు తెలిసి, వనితను చూసిన మనిషి ఈ భూమ్మీద తాను గాక ఆమె ఒక్కతే. ఆమెకు ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది. చెప్పిన సంగతే చెబుతుంది, కొన్నిసార్లు వేరే ఎవరి బిడ్డ సంగతో వనిత సంగతిలో కలిపేస్తుంది. ఆయన సరిదిద్దడు.

పోయిన నెల వెళ్లేసరికి అరుగు మీద ఎండ పడుతోంది. భూదవ్వ తలెత్తి చాలాసేపు చూసింది.

"ఎవలు కొడుకా?" అంది.

దేవేందర్ చెప్పులు విప్పి, పేరు చెప్పి, పక్కన కూర్చున్నాడు. ఆమె సరేనన్నట్టు తలూపి, కత్తెర తీసుకుని మళ్లీ ఆకు కత్తిరించసాగింది.